గండి కొట్టిన ఊళ్ళు

జశోర్ జిల్లా భవదహలో 21 ఖానాల తూము ఒకటుంది. 1960ల్లో కట్టారు. పొలాల్లోని వాననీరు నదిలోకి దిగిపోవాలి, సముద్రపు పోటు నీరు పొలాల్లోకి రాకూడదు, అందుకని కట్టారు. మేం వెళ్ళింది ఫాల్గుణంలో. నెలల తరబడి చినుకు లేదు. అయినా తూముకి ఎగువన ఎటు చూసినా నీళ్ళే. కొబ్బరి చెట్ల మొదళ్ళు, ఒక బడి గోడ, ఎవరిదో వంటిల్లు ఆ నీళ్ళలోనే ఉన్నాయి. దిగువన, నది పారాల్సిన చోట, బూడిద రంగు ఒండ్రు మేట వేసింది. దాని నడుమ పిల్లకాలువంత ధార. నది అడుగు పొలాల కంటే ఎత్తుకు వచ్చేసింది కనుక షట్టర్లు ఎత్తినా నీరు కదలదు. గట్టు మీద మోటార్లు పెట్టి ఇటు నీళ్ళు అటు తోడిపోస్తున్నారు.

వాతావరణ మార్పుని బంగ్లాదేశ్ ఎలా ఎదుర్కోబోతోందో చూడాలని బయలుదేరినదాన్ని. తుపాను షెల్టర్లు, కొత్త కరకట్టలు, ఉప్పు తట్టుకునే వరి వంగడాలు చూడాలనుకున్నాను. ఖుల్నా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మిత్రురాలు నన్ను వాటన్నిటికంటే ముందు ఇక్కడికి తీసుకొచ్చింది. "ఇది కూడా ఒకప్పుడు గొప్ప ప్రణాళికే దీదీ. కొత్తవాటిని చూసే ముందు దీన్ని చూడాలి" అంది.

గంగ, బ్రహ్మపుత్ర, మేఘన కలిసి ఏటా సుమారు వంద కోట్ల టన్నుల ఒండ్రుని కిందికి తెస్తాయి. సముద్రపు పోటు అందులో కొంత వెనక్కి తోసి, నైరుతి డెల్టాలోని పల్లపు నేలల మీద పరుస్తుంది. ఆ పల్లాలని ఇక్కడ బీల్ అంటారు. పాతకాలపు రైతులు ఏడాదిలో ఎనిమిది నెలలు నిలిచే మట్టికట్ట వేసుకుని, వరి కోసుకున్నాక దాన్ని తెంచేసేవారు. పోటు వచ్చి ఒండ్రు పోసి పోయేది, నేల ఏటికేడు కాస్త ఎత్తెక్కేది. 1960ల్లో విదేశీ నిపుణుల సలహాతో తీరం పొడవునా శాశ్వత కరకట్టలు వేశారు. అలా కట్టలు చుట్టిన దీవుల్లాంటి భూఖండాలు, పోల్డర్లు, 139 ఉన్నాయి. మొదట్లో పంట బాగా పండింది కూడా, ఆ మాట దాచనక్కర్లేదు. కానీ పొలం మీదికి రావాల్సిన ఒండ్రు నది అడుగున పేరుకుంది. నది పైకి లేచింది, ఒండ్రు అందని నేల కుంగింది. 1980లు వచ్చేసరికి ఊళ్ళకి ఊళ్ళు వాననీటి ముంపులో చిక్కాయి. సముద్రమట్టం పెరుగుతోందని లోకం గుర్తించక ముందే ఈ నేల తనంత తానుగా పెరిగే శక్తిని పోగొట్టుకుంది. ఇప్పుడు సముద్రం కూడా పెరుగుతోంది.

1990లో బీల్ డాకాతియా రైతులు కట్టకి గండి కొట్టారు. 1997 అక్టోబరులో బీల్ భైనా వాళ్ళు హరి నది కట్టని తెంచారు. చట్టం లెక్కన అది నేరం. నాలుగేళ్ళ పాటు రోజుకి రెండు పోట్లు ఆ పల్లంలోకి వచ్చి పోయాయి. నేల కొన్నిచోట్ల మీటరుకి పైగా లేచింది. వచ్చిపోయే నీటి ఉరవడికి నది అడుగు కోసుకుని లోతెక్కింది, చుట్టుపక్కల ముంపు తీసింది. ఇంజనీర్లు వచ్చి కొలిచారు, నమ్మారు, దానికి టైడల్ రివర్ మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టారు. రైతుల గండి ప్రభుత్వ విధానమైంది. 2018లో ఆమోదం పొందిన డెల్టా ప్లాన్‌లోనూ ఆ పేరు ఉంది.

ఆ గండి కొట్టిన చోటికి దగ్గర్లో ఒక పెద్దాయన మాకు టీ ఇప్పించాడు. అప్పట్లో పార పట్టిన వాళ్ళలో తానూ ఒకడినన్నాడు. ఆయన చేను ఇప్పుడు మెరక. వరి, ఆవాలు పండుతున్నాయి. పోలీసులకి భయపడలేదా అని అడిగాను. "నీళ్ళలో పదేళ్ళు ఉన్నవాడికి జైలు పొడిగానే ఉంటుంది కదమ్మా" అన్నాడు.

మరి ఇంత మంచి పద్ధతి ఉండగా భవదహ ఇంకా ఎందుకు మునిగి ఉంది? ఒక్కొక్క బీల్‌ని కొన్నేళ్ళు పోటుకి వదలాలి. అన్నేళ్ళూ అక్కడ పంట ఉండదు. ఊళ్ళు తమంతట తామే గండి కొట్టినప్పుడు ఆ నష్టాన్ని తామే పంచుకున్నాయి. ప్రభుత్వం చేపట్టాక భూమి ఇచ్చే రైతుకి పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. కాగితాలు, దస్తావేజులు, తాతల పేరు మీదున్న పట్టాలు, ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణలు. బీల్ ఖుక్షియాలో పరిహారం చాలామందికి అందలేదు. తర్వాత బీల్ కపాలియా వంతు వచ్చేసరికి అక్కడి రైతులు అది చూసి అడ్డం తిరిగారు. 2012లో ఘర్షణ దాకా పోయింది, పని ఆగిపోయింది. ఒండ్రు ఆగలేదు, నది మళ్ళీ పూడింది. శాస్త్రం రుజువై, అనుభవం చేతిలో ఉండి, రైతుకి ఇవ్వాల్సిన పరిహారం డబ్బుల దగ్గర ఒక మహా ప్రణాళిక చతికిలబడడం చూస్తే నాకు చాలా బాధేసింది. ఈ యాత్ర అంతా ఆ లెక్కే నా మనసులో తిరిగింది.

ఇక్కడికి రాకముందు ఢాకాలో షేర్-ఎ-బంగ్లా నగర్‌లో ప్రణాళికా సంఘం వాళ్ళని కలిశాను. ప్రణాళికల విషయంలో ఈ దేశం ఎవరికీ తీసిపోదు. 2005లోనే వాతావరణ మార్పుని తట్టుకునేందుకు తొలి అనుసరణ కార్యక్రమం రాసుకుంది. 2009లో సమగ్ర వ్యూహం తయారుచేసి, బయటివాళ్ళు డబ్బిచ్చేదాకా ఆగకుండా సొంత బడ్జెట్ నుంచే నిధి పెట్టింది. మొదటి మూడేళ్ళు ఏటా 700 కోట్ల టాకాలు. డచ్చివాళ్ళ సాయంతో వందేళ్ళ చూపుతో రాసుకున్న డెల్టా ప్లాన్ 2030 లోపు చేయాల్సిన 80 పనులకి 3,700 కోట్ల డాలర్లు కావాలంటుంది. 2022లో ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన జాతీయ అనుసరణ ప్రణాళికలో 2050 దాకా 113 పనులున్నాయి. వాటి ఖర్చు 23,000 కోట్ల డాలర్లు. ప్రపంచం వదిలే కర్బన ఉద్గారాల్లో ఈ దేశం వాటా అర శాతం కూడా లేదు. పదిహేడు కోట్ల మంది, తాము పెద్దగా చేయని పాపానికి, ఇంత డబ్బు వెతుక్కోవాలి. అందులో ఎక్కువ భాగం అప్పుగా వస్తోంది. "అన్యాయం కాదా?" అన్నాను. అధికారి కాసేపు ఆగి, "అన్యాయమే. కానీ న్యాయం జరిగేదాకా నీరు ఆగదు కదా" అన్నాడు.

2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం కూలిపోయింది. కొన్ని పథకాల పేర్లు పోయాయి, పనుల జాబితాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఉద్గారాలు తగ్గించుకోవడం గురించీ ఈ దేశం మాట ఇచ్చింది. 2030 నాటికి తన శక్తితో 6.73 శాతం, బయటి సాయం అందితే ఇంకో 15.12 శాతం అని 2021లో రాసిచ్చింది. అదే ఏడాది పది బొగ్గు విద్యుత్ కేంద్రాల ప్రతిపాదనలని రద్దు చేసింది. కరెంటు తీగ చేరని పల్లెల్లో 40 లక్షలకు పైగా ఇళ్ళ మీద వాయిదాల పద్ధతిలో సోలార్ పలకలు పెట్టించిన చరిత్ర దీనిది. పద్మా వంతెన దాటి దక్షిణానికి వస్తూ మోంగ్లా దారిలో రామ్‌పాల్ దగ్గర ఆగినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. సుందరబన్ మడ అడవికి అంత దగ్గరలో 1,320 మెగావాట్ల బొగ్గు కేంద్రం. అందులో సగం భాగస్వామ్యం మన ఎన్‌టీపీసీది. తుపానులకి అడ్డం నిలిచే ఆ అడవి పక్కన బొగ్గు కాల్చడానికి మన దేశం చేయి కలపకుండా ఉండాల్సింది. ఆ మాట అక్కడివాళ్ళు నాతో అనలేదు. అతిథినని ఊరుకున్నట్టున్నారు.

సాత్‌ఖీరా దాటి శ్యామ్‌నగర్‌కి వెళ్ళేకొద్దీ పచ్చదనం తగ్గిపోయింది. రోడ్డుకి ఇరువైపులా రొయ్యల చెరువులు. భీమవరం చుట్టుపక్కల తిరిగినవాళ్ళకి ఆ దృశ్యం కొత్త కాదు. ఏరేటర్లు మాత్రం తక్కువ. ఇక్కడ ఎక్కువగా నదిలోని ఉప్పునీటిని తూము ద్వారా మళ్ళించి, టైగర్ రొయ్య పిల్లని వదిలి, పండినంత పట్టుకుంటారు. చెరువుగట్ల మీద మట్టల్లేని కొబ్బరి మొండేలు, ఆకులు మాడిన మామిడి చెట్లు. పశువులకి మేత లేదు. ఆవులు కనిపించకపోవడం నన్ను చాలాసేపు కలవరపెట్టింది.

శ్యామ్‌నగర్‌లో ఒక ఆసుపత్రి చూశాను. కాషెఫ్ చౌదరి అనే వాస్తుశిల్పి కట్టింది. ప్రపంచంలోనే మేటి కట్టడంగా బ్రిటిష్ వాస్తుశిల్పుల సంస్థ 2021 సంవత్సరపు బహుమతిచ్చింది. ఎర్ర ఇటుక గదుల మధ్య నుంచి సన్నని కాలువ వంకర తిరుగుతూ పోతుంది. పైకప్పుల మీద పడిన ప్రతి చినుకూ అందులోకి చేరుతుంది. భూగర్భ జలం ఉప్పు కాబట్టి వాన నీరే వాళ్ళకి ఆధారం. అంత అందం, అంత అవసరం ఒకే కాలువలో ఇమిడి ఉండడం చూసి చాలాసేపు ఆ గట్టునే కూర్చున్నాను.

బయట ఊళ్ళలో అదే వాన నీటిని పట్టుకునేందుకు ఇంటింటికీ ప్లాస్టిక్ ట్యాంకులు వస్తున్నాయి. 2018లో గ్రీన్ క్లైమేట్ ఫండ్ ఆమోదించిన పథకం ఒకటి ఖుల్నా, సాత్‌ఖీరా జిల్లాల్లో ప్రత్యేకించి ఆడవాళ్ళ కోసం ఈ పని చేపట్టింది. ట్యాంకు లేని ఇంటి ఆడవాళ్ళు బిందెలు చంకనెత్తుకుని చెరువు దగ్గరి ఇసుక ఫిల్టరు దాకా నడుస్తున్నారు. ఎండాకాలం ముదిరితే ఆ చెరువూ అడుగంటుతుంది, అప్పుడు బిందె లెక్కన నీళ్ళు కొనుక్కోవాలి. డాకోప్ ప్రాంతంలో ఉప్పు కలిసిన నీరు తాగే గర్భిణుల్లో రక్తపోటు ఎక్కువగా ఉంటోందని పరిశోధకులు నమోదు చేశారు. కరకట్ట ఖర్చు పక్కన ఈ ట్యాంకు ఖర్చు ఎంత? అయినా ట్యాంకు ఎప్పుడూ రెండో వరసలోనే ఉంటుంది.

నీల్‌డుమూర్ రేవులో పడవెక్కి ఖోల్‌పేటువా నది దాటితే గాబురా దీవి. 2009 మే 25న ఐలా తుపాను ఇక్కడి కట్టలని తెంచేసింది. ఇల్లూ చేనూ పోయినవాళ్ళు ఏళ్ళ తరబడి కట్ట మీదే గుడిసెలు వేసుకుని బతికారు. ఇప్పుడు కాంక్రీటు దిమ్మెలు పేర్చి కొత్త కట్ట వేస్తున్నారు. మమ్మల్ని అక్కడ తిప్పిన ఆమె తుపాను సంసిద్ధత కార్యక్రమంలో స్వచ్ఛంద సేవకురాలు. నడివయసు మనిషి, నవ్వు ముఖం. రెండంతస్తుల షెల్టరులో, మామూలు రోజుల్లో బడిగా నడిచే గదిలో, తన సామాను చూపించింది: చేతి మైకు, సైరను, రేడియో, జెండాలు. హెచ్చరిక వస్తే ముందు ఒక జెండా, ప్రమాదం పెరిగితే రెండు, మహాప్రమాదమైతే మూడు. చదువురాని ముసలమ్మకి కూడా ఆ లెక్క తెలుసంది.

ఈ ఏర్పాటు వెనక ఎంత దుఃఖం ఉందో చెప్పాలి. 1970 నవంబరు 12 రాత్రి భోలా తుపాను ఉప్పెనలో మూడు నుంచి ఐదు లక్షల మంది చనిపోయారు. తుపాను వస్తోందని తెలుసు, కానీ ఆ మాట పల్లెకి చేరలేదు. చేరినా వెళ్ళడానికి ఎత్తైన చోటు లేదు. మాది కృష్ణా డెల్టా. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు సర్కారు లెక్కలోనే పదివేల మంది పోయారు. సొర్లగొంది, హంసలదీవి అనే పేర్లు మా పెద్దవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి పలుకుతారు. అందుకే గాబురా ఆమె చెబుతుంటే నాకు అనువాదం అవసరం పడలేదు. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడాది, 1972లోనే, ఖజానాలో చిల్లిగవ్వ లేని కాలంలో బంగ్లాదేశ్ రెడ్‌క్రాస్‌తో కలిసి ఈ స్వచ్ఛంద దళాన్ని మొదలుపెట్టింది. అయినా 1991 ఏప్రిల్ 29న దాదాపు లక్షా నలభై వేల మంది పోయారు. పోయినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. భర్త వచ్చేదాకా ఇల్లు కదలలేదు, పరాయి మగవాళ్ళ మధ్య షెల్టరులో ఉండలేకపోయారు, చీర కాళ్ళకి చుట్టుకుని ఈదలేకపోయారు. దాని నుంచి నేర్చుకున్నారు. నేడు దళంలో డెబ్బై వేలకు పైగా ఉంటే సగం మంది ఆడవాళ్ళే.

"మగవాడు తలుపు కొడితే లోపలి అమ్మాయి బయటికి రాదు. నేను పిలిస్తే వస్తుంది. బిడ్డని నాకిచ్చి వస్తుంది" అంది ఆమె. జీతం ఏమీ లేదు. 2020 మేలో, కరోనా భయం మధ్య, అంఫన్ తుపాను ముందు ఈ దేశం ఇరవై లక్షల మందికి పైగా జనాన్ని షెల్టర్లకి చేర్చింది. మరణాలు పదుల్లో ఆగాయి. లక్షల నుంచి పదులకి. ప్రపంచంలో ఏ దేశమైనా ఇంతకంటే గొప్పగా చెప్పుకోగలిగింది ఏముంటుంది? దీనికి మూలధనం ఇలాంటి ఆడవాళ్ళ నోటిమాట, వాళ్ళ మీద ఊరికున్న నమ్మకం.

అదే అంఫన్ తర్వాత పక్కనున్న కొయ్‌రాలో తెగిన కట్టని పూడ్చడానికి వేలమంది దిగారు. రంజాన్ పండగ ఆ పనిలోనే వచ్చింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నమాజు చేసి, మళ్ళీ మట్టి తట్టలు ఎత్తుకున్నారు. ఆ ఫొటో అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

ఉప్పెన నుంచి పారిపోవచ్చు. ఉప్పు నుంచి ఎక్కడికి పారిపోవాలి? దానికి సైరను లేదు, జెండా లేదు. తీరంలో 1973లో 8.33 లక్షల హెక్టార్లున్న చౌడునేల 2009కి 10.56 లక్షల హెక్టార్లయింది. కారణం ఒక్క సముద్రమే కాదు. రొయ్యల చెరువులు ఉప్పునీటిని ఊరి నడిబొడ్డుకి తెచ్చాయి. 1975 నుంచి మన ఫరక్కా బ్యారేజి ఎండాకాలంలో గంగ నీటిని హుగ్లీకి మళ్ళిస్తోంది. కిందికి వచ్చే తీపినీరు తగ్గడంతో గంగ పాయ అయిన గోరాయ్ నది ఎండి, సముద్రం లోపలికి తోసుకొచ్చింది. ఎగువవాడు తూము మూస్తే దిగువవాడి గొంతు ఎండుతుందని కృష్ణా ఆయకట్టు వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1996 డిసెంబరు నాటి గంగా జలాల ఒప్పందం ముప్పై ఏళ్ళది, దాని గడువు 2026 డిసెంబరు. ఢాకా ఎన్ని ప్రణాళికలు రాసుకున్నా, ఢిల్లీ సంతకం లేకుండా సాగని పేజీ అందులో ఒకటుంది. మన పత్రికల్లో దాని మీద ఇంకా ఎక్కువ రాయాలని నా కోరిక.

చివరి మజిలీలు దేలుటి, తర్వాత డాకోప్. పాయిక్‌గాఛా నుంచి పడవలో నది దాటగానే రంగు మారింది. పచ్చ. ఇరవై రెండో నంబరు పోల్డరు ఇది. 1990 నవంబరు 7న రొయ్యల కామందు మనుషులు తుపాకులతో ఇక్కడి హరిణ్‌ఖోలాకి వచ్చినప్పుడు, ఊరేగింపు ముందు నడిచిన కరుణామయి సర్దార్ అనే భూమిలేని రైతుకూలీ వాళ్ళ చేతిలో చనిపోయింది. ఆ తర్వాత ఈ పోల్డరులోకి రొయ్యల చెరువుని రానివ్వలేదు. ఏటా అదే రోజున వేలమంది ఆమె స్మారకం దగ్గర చేరుతారు. ఉప్పునీటికి అడ్డం నిలిచినందుకు ఒక మనిషి ప్రాణమిచ్చిన ముప్పై ఏళ్ళకి, అదే పని చేయాలని ప్రభుత్వ ప్రణాళికల్లో రాశారు.

డాకోప్‌లో ఒకప్పుడు అంతా రొయ్యలే. ఊళ్ళు ఏకమై పోల్డర్లలోకి ఉప్పునీరు ఆపించాయి. కొన్ని వర్షాకాలాలకి నేల కడుక్కుంది. వరి కోశాక ఇప్పుడు పుచ్చకాయ వేస్తున్నారు. మేం వెళ్ళేసరికి తీగలు పాకి, పిందెలు పడుతున్నాయి. ఇంటిల్లిపాదీ చేలోనే ఉన్నారు, గుంటకొక చెంబుడు చొప్పున నీళ్ళు పోస్తున్నారు. ఆ నీళ్ళు పోల్డరు లోపలి కాలువవి, వర్షాకాలంలో నింపుకున్న తీపి నీళ్ళు. రైతుని అడిగాను, మీకు ప్రభుత్వం ఏం చేయాలి అని. కొత్త వంగడాలు, సబ్సిడీ, కట్ట ఎత్తు అంటాడేమో అనుకున్నాను. ఆయన కాలువ గురించి మాట్లాడాడు. అది సర్కారుది. చేపల పాటకి ఇస్తారు, డబ్బున్నవాడు పాడుకుంటాడు, చేపల కోసం మధ్యలో అడ్డుకట్టలు వేసి, కొన్నిసార్లు ఉప్పునీరు కూడా వదులుతాడు. ఫాల్గుణం దాటేసరికి పుచ్చతీగకి నీళ్ళుండవు.

"కాలువ మాకు వదిలేస్తే చాలు. పూడిక మేమే తీసుకుంటాం. బయటి డబ్బు వస్తే రానీ, రాకపోతే పోనీ, పాట మాత్రం ఆపమనండి" అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు. ఊరంతా వేలిముద్రలు వేసిన అర్జీ సిద్ధంగా ఉంది. వారాంతపు సెలవు అయి ఆదివారం ఆఫీసు తెరవగానే ఉపజిల్లా అధికారికి ఇవ్వడానికి పడవ కూడా మాట్లాడుకున్నారు.